కిటికీ రాయి రుచి

పెళ్ళిచూపులకు వెళ్ళి రాయిని నాకి వచ్చినవాణ్ణి నేను. మా చుట్టాలు నన్ను కొత్తవాళ్ళకు పరిచయం చేసేటప్పుడు ఊరూ ఉద్యోగం తర్వాత చెబుతారు, ముందు ఈ సంగతి చెబుతారు. చెప్పిన ప్రతివాడూ దానికి ఇంత తగిలించి పెంచుతున్నాడు కాబట్టి, అసలు జరిగింది నేనే రాసి పెట్టడం మంచిదనిపించింది. రాయబోతే నాకే నవ్వు ఆగడం లేదు.

మాది కోదాడ. నాన్నకు ధాన్యం కొట్టు ఉండేది. ఆయన ఉన్నన్నాళ్ళూ బియ్యంలో రాళ్ళు ఏరి పారేశాడు. నేను ఆ పారేసినవాటిని ఏరుకొచ్చి అగ్గిపెట్టెల్లో దాచుకున్నాను. ఎర్రవి ఒక పెట్టె, తెల్లవి ఒక పెట్టె, నల్లవి ఒక పెట్టె. "వీడు నాకు పోటీగా దుకాణం తెరిచాడే" అని అమ్మతో అంటూ మురిసిపోయేవాడు. ఆ పెట్టెలే పెద్దయ్యాక నన్ను హైదరాబాద్ దాకా లాక్కెళ్ళి జియాలజీ చదివించాయి. ఇప్పుడు పాలకీడు దగ్గర ఒక సున్నపురాయి గనిలో ఉద్యోగం. రాయి ఎక్కడ బాగుందో, ఎక్కడ మట్టి కలిసిందో చూసి చెప్పడం నా పని.

గనిలోకి దిగితే నాకు ఒళ్ళు తెలియదు. అక్కడి రాయి పొరలు పొరలుగా ఉంటుంది. ఒక్కో పొరా ఒకప్పటి సముద్రం అడుగున పేరుకున్న సున్నపు బురద. అప్పటికి చేప పుట్టలేదు, గవ్వ పుట్టలేదు, నేల మీద గడ్డిపోచ లేదు. అలలు మాత్రం ఉన్నాయి. చూసేవాడు ఒక్కడూ లేకపోయినా వచ్చేవి, పోయేవి. పాలకీడు రైతులు నాట్లు వేసే మళ్ళ కింద ఆ సముద్రం పడుకుని ఉందని తలుచుకుంటే, ఎవరినో ఒకరిని పట్టుకుని చెప్పేయాలనిపిస్తుంది. నిజంగానే పట్టుకుని చెప్పేవాణ్ణి. గని గేటు దగ్గర టీ కొట్టాయన నేను కనబడగానే టీవీ సౌండు పెంచేవాడు.

పెళ్ళి విషయంలో నన్ను ముంచింది కూడా ఇదే. సూర్యాపేటలో ఒక సంబంధం చూడబోతున్నాం. ఊరి బయట రోడ్డు వెడల్పు చేయడానికి గుట్టను కోశారు. లోపలి గ్రానైటు గులాబీ రంగు పలుకులతో తళతళలాడుతోంది. "ఒక్క నిమిషం" అని కారు దిగాను. అమ్మ వెతుక్కుంటూ వచ్చేసరికి నా తెల్ల చొక్కా ఎర్ర చొక్కా అయింది, జేబులో వేసుకున్న రాతిముక్క బరువుకు కుట్లు ఊడాయి. ఆ వేషంలోనే వెళ్ళి కూర్చున్నాను. కూర్చున్నవాణ్ణి ఊరుకోకుండా ఆ ముక్క తీసి బల్ల మీద పెట్టి, ఇది రెండు వందల కోట్ల ఏళ్ళకు ముందెప్పుడో భూమి లోతున కరిగి ఉన్న ముద్ద అని, పైన అంత బరువు కప్పి ఉండబట్టి నిదానంగా చల్లారిందని, అందుకే ఇంతేసి పలుకులు కట్టిందని చెప్పుకొచ్చాను. మర్నాడు ఫోను వచ్చింది. "పిలగాడు మంచోడే గని..." అన్నారట. ఆ 'గని' తర్వాత ఏమన్నారో అమ్మ ఇప్పటికీ చెప్పలేదు.

అందుకే మిర్యాలగూడ సంబంధానికి బయల్దేరేటప్పుడు అమ్మ గుమ్మంలోనే నన్ను నిలబెట్టింది.

"రాయి అన్న మాట నీ నోట్లోంచి వచ్చిందా, అక్కడే లేచి బస్సెక్కుతా. ఇది కూడా తప్పిపోతే ఇంక నేను ఎవరి గుమ్మమూ తొక్కను. నీ రాళ్ళనే పక్కన కూర్చోబెట్టుకుని తాళి కట్టుకో."

నేను బుద్ధిమంతుడిలా తలూపాను. అమ్మకు చెప్పలేదు గానీ నా భయం వేరు. పెళ్ళి కాదేమోనని కాదు. పెళ్ళయ్యాక, ఎదురుగా కూర్చుని అన్నం తినే మనిషి దగ్గర నా సంతోషంలో సగం దాచిపెట్టుకుని బతకాల్సి వస్తుందేమోనని. రాయి అనకుండా ఒక గంట ఉండగలను. ఒక జన్మ ఉండలేను.

వాళ్ళది రైసు మిల్లు. మిల్లు ఆవరణలోనే ఇల్లు. ధాన్యం ఉడికిన వాసన గేటు దాకా వచ్చి మమ్మల్ని లోపలికి తీసుకెళ్ళింది. అమ్మాయి తండ్రి ఎదురొచ్చి కూర్చోబెట్టాడు. "పిల్ల మిల్లుల ఉన్నది, వస్తది. బాయిలర్ కాడి పనంత ఆమెనే సూస్కుంటది" అన్నాడు. ఆ మాట అంటున్నప్పుడు ఆయన ఛాతీ కొంచెం వెడల్పయింది. అమ్మ వాతావరణం గురించి మాట్లాడింది. నేను కూడా వాతావరణం గురించే మాట్లాడాను. అంతా అద్భుతంగా సాగుతోంది.

అప్పుడు కిటికీ రెక్క కిర్రుమంది. అది కొట్టుకోకుండా దానికి ఒక రాయి అడ్డం పెట్టి ఉంది. పిడికిలి కంటే కాస్త పెద్దది. నల్లగా, గాజులా నిగనిగలాడుతూ, ఒళ్ళంతా బుడగలు పగిలిన గుంతలతో ఉంది. ఒక అంచున లేత ఆకుపచ్చ ఛాయ కూడా ఉంది.

నా గుండె ఒక్కసారి గంతేసింది. ఎందుకో చెప్పాలి. కరిగిన రాయి నిదానంగా చల్లారితే పటికబెల్లంలా పలుకులు కడుతుంది, అది గ్రానైటు. ఒక్కసారిగా చల్లారితే పలుకులు కట్టే తీరిక ఉండదు, రేకు మీద పోసిన పల్లీపట్టీ పాకంలా గాజై కూర్చుంటుంది. లోపలి గాలి బుడగలై అక్కడే చిక్కుకుంటుంది. అగ్నిపర్వతం కక్కిన లావా ఇలాగే ఉంటుంది. మా వైపు అంతా గ్రానైటు, సున్నపురాయి, అక్కడక్కడ నల్లరాతి చారలు. లావా పరుచుకున్నది ఎక్కడో పడమటి దిక్కున, వికారాబాద్ దాటాక. మరి మిర్యాలగూడలో కిటికీకి అడ్డంగా లావా ఏమిటి? చదువుకున్న పుస్తకాలన్నీ నా తలలో ఒకేసారి లేచి నిలబడ్డాయి.

"గాలాడటం లేదు" అని లేచి కిటికీ దగ్గరికి వెళ్ళాను. అమ్మ చూపు నా వీపును పొడుస్తోంది. చేతిలోకి తీసుకున్నాను. దుమ్ము పట్టి ఉంది. తడిస్తే గానీ రాయి అసలు రంగు, అసలు పలుకు బయటపడవు. నీళ్ళ సీసా దగ్గర లేని జియాలజిస్టుకు నాలుకే నీళ్ళ సీసా. గనిలో రోజూ చేసే పనే. ఆలోచించి చేసింది కాదు, అలవాటుగా జరిగిపోయింది. నాకాను.

సరిగ్గా అప్పుడే ఆమె లోపలికి వచ్చింది. జుట్టులో ఊక పొట్టు, చున్నీ నడుముకు బిగించి ఉంది. నన్ను చూసింది, రాయిని చూసింది, నా నాలుకను చూసింది.

"ఉప్పు సరిపోయిందా అండి?" అని అడిగింది.

అమ్మ కొంగు ముఖం మీదికి లాక్కుంది. ఇంక దాచేదేమీ మిగల్లేదు కాబట్టి నేను నోరు విప్పాను. ఒకసారి విప్పాక ఎక్కడ ఆగుతుంది! లావా అన్నాను, బుడగలు చూపించాను, ఈ నేల కింద ఎవరికీ తెలియని అగ్నిపర్వతం ఒకటి ఉండి ఉండవచ్చన్నాను. ఆమె తండ్రి కుర్చీ ముందుకు జరుపుకుని, "మా కిటికి కాడనా?" అన్నాడు. ఆమె గోడకు ఆనుకుని నిలబడి, నేను చెప్పిందంతా రెప్ప వేయకుండా విన్నది.

"ఎన్నేండ్లదంటరు గిది?"

"సరిగ్గా చెప్పాలంటే పరీక్ష చేయాలండీ. కోట్ల ఏళ్ళు మాత్రం గ్యారంటీ."

ఆమె పెదవులు అదిరాయి. తండ్రి వైపు చూసింది. ఆయన ఫ్యాను వైపు చూశాడు. పాపం, కదిలిపోయారు అనుకున్నాను.

"ఇసొంటియి ఇంకా గావాల్నా మీకు?"

"ఇంకా ఉన్నాయా!"

"కుప్పలున్నయ్. ఆదివారం మిల్లుకు రాండ్రి. యాడికెళ్ళి వస్తయో చూపిస్త. నా మాట గూడ అప్పుడే చెప్త."

తిరుగు ప్రయాణంలో అమ్మ హుజూర్‌నగర్ దాటేదాకా మాట్లాడలేదు. తర్వాత, "నాకావురా నువ్వు" అంది. నేను విన్నది మాత్రం ఆమె 'అప్పుడే చెప్త' అన్న మాట ఒక్కటే. వద్దనేదుంటే అక్కడికక్కడే అనేసేదిగా!

ఆ వారం నేను నేల మీద నడవలేదు. గనిలో కనబడిన ప్రతివాడికీ మిర్యాలగూడ అగ్నిపర్వతం గురించి చెప్పాను. ఒక లారీ డ్రైవరు కంగారుపడి, అటు లోడు తీసుకెళ్ళొచ్చా అని అడిగాడు. ఏమాత్రం స్థిమితంగా ఆలోచించినా అనుమానం రావాల్సిందే. గాజు కోట్ల ఏళ్ళు గాజులా నిలవదు, పాతబడేకొద్దీ మసకబారి పొడిపొడి అవుతుంది. ఆ రాయేమో నిన్న కడిగిన గ్లాసులా ఉంది. ఆ సంగతి నాకు తెలుసు. కానీ ఆ వారం నాకు తెలిసినవేవీ నా మాట వినలేదు.

ఆదివారం ఉదయం అమ్మ ఫోను చేసింది. "ఉత్త చేతులతో వెళ్ళకురా. పళ్ళో, స్వీట్లో పట్టుకెళ్ళు." తీసుకెళ్తున్నాలే అన్నాను. తీసుకెళ్ళింది నాపరాయి బండ. గనిలో పక్కన పడేసిన ముక్క. దాని మీద వేళ్ళతో గీసినట్టు వంకీలు వంకీలుగా అలల గుర్తులు. పాత ట్యూబుతో బైకు వెనక సీటుకు కట్టి, గుంత వచ్చిన చోటల్లా దిగి తడిమి చూసుకుంటూ మిర్యాలగూడ చేరాను.

ఆమె ధాన్యం ఆరబోసిన కళ్ళం దగ్గర ఉంది. బండను రెండు చేతులా అందించాను. స్వీటు డబ్బా అందుకున్నంత మామూలుగా అందుకుని, బరువుకు కొంచెం వంగింది.

"ఈ గీతలు ఎవ్వలు చెక్కిన్రు?"

"ఎవరూ చెక్కలేదండీ. అలలు. లోతు లేని నీళ్ళలో అల వెళ్ళిపోతూ బురద మీద మడత పెట్టింది. దాని మీద ఇంకో పొర పడి కప్పేసింది. ఆ మడతను మొదట చూసింది మొన్న నేనే. రెండోది మీరు."

ఆమె అరచేయి ఆ వంకీల మీద అటూ ఇటూ పోనిచ్చింది. "గిది పాలకీడుల సముద్రమా?" అంది. "అయితే మేం ఒడ్డు మీదున్నట్టా?"

"ఉండొచ్చు. మీ కింద గ్రానైటు ఉంది కదా, అదే గట్టు అయి ఉండొచ్చు."

"ఒడ్డున మిల్లు. మంచిగనే ఉన్నది" అని నవ్వింది. నాకు ఆ నవ్వుకే సగం పెళ్ళయినట్టు అనిపించింది.

తర్వాత నన్ను లోపలికి తీసుకెళ్ళింది. బియ్యంలోంచి రాళ్ళను వేరు చేసే యంత్రం కింద ఒక ట్రే ఉంది. అందులో ఏ ఊరి వడ్లవి ఆ ఊరికే వేరుగా, పప్పుబద్దలంతేసి రాళ్ళ కుప్పలు. చూడగానే నాకు అగ్గిపెట్టెలు గుర్తొచ్చాయి. నాన్న ఉంటే ఎంత నవ్వేవాడో! ఆమె గుప్పెడు తీసి నా చేతిలో పోసింది.

"ఇది ఏ ఊరి వడ్లతోటి వచ్చిందో చెప్పుండ్రి సూద్దాం."

గులాబీ పలుకులు, తెల్లటి పలుగురాయి ముక్కలు. సున్నపురాయి పొట్టు ఒక్కటీ లేదు. "గ్రానైటు నేల. పెన్‌పహాడ్ వైపుదా?"

బస్తా మీది రాత చూసి వచ్చింది. కళ్ళు పెద్దవయ్యాయి. "పెన్‌పహాడే! ఇంగో, ఇది?" బూడిద రంగు పల్చటి పెచ్చులు. "మా పాలకీడుది." అదీ నిజమే. ఇంకోటి, ఇంకోటి. గరిడేపల్లి దగ్గర తప్పు చెప్పాను, అయినా ఆమె చప్పట్లు కొట్టింది. అప్పటికి వాళ్ళ నాన్న కూడా వచ్చి చేరాడు. నా కాళ్ళు నేలకు ఆనడం లేదు. ఇంక ఆ లావా ఒక్కటి చూపిస్తే చాలు, ఈ మనిషి నా మనిషి అనుకున్నాను.

"రాండ్రి. మీ లావ కాడికి" అంది.

బాయిలర్ దగ్గరికి తీసుకెళ్ళింది. ఊక మండే పొయ్యి. పనాయన ఇనుప తలుపు తెరిచి, పొడుగాటి కొక్కెం లోపలికి దోపి బరబరా లాగాడు. బూడిదతో పాటు ఎర్రగా, పాకంలా సాగుతున్న ముద్దలు బయటికి దొర్లాయి. నేల మీద పడి టపటపమన్నాయి. చూస్తుండగానే ఎరుపు పోయి నల్లబడ్డాయి. నిగనిగలాడాయి. ఒళ్ళంతా బుడగలు.

ముందు వాళ్ళ నాన్నకు నవ్వు వచ్చింది, నవ్వు దగ్గయింది, దగ్గు ఆపుకోవడానికి గోడ పట్టుకున్నాడు. ఆమె మాత్రం నవ్వలేదు. నా ముఖమే చూస్తోంది. ఆ చూపు నాకు అప్పుడు అర్థం కాలేదు.

నా మిర్యాలగూడ అగ్నిపర్వతం కళ్ళ ముందే చల్లారిపోయింది. చెవులు కాలాయి, అది పొయ్యి వేడి ఒక్కటే కాదు. సంబంధం కూడా ఇక్కడితో సరి అనుకున్నాను. మరుక్షణం ఎక్కడినుంచి వచ్చిందో తెలియదు, నాకూ నవ్వు వచ్చింది. కోట్ల ఏళ్ళు గ్యారంటీ! లారీ డ్రైవరు! నేను నాకింది బాయిలర్ చిట్టెం! కడుపు పట్టుకుని అక్కడే చతికిలబడ్డాను. చతికిలబడ్డవాణ్ణి ఆ ముద్దను దగ్గరగా చూశాను. చూసి నవ్వు ఆపేశాను.

"ఆగండాగండి. ఇందులో గాజు ఎక్కడిది? మీరు పొయ్యిలో వేసింది ఊకే కదా!"

"ఊకనే."

"ఊక అరచేతిలో రుద్దితే గరుకుగా ఎందుకుంటుంది? అది ఇసుక సరుకండీ! రాతి సరుకు! పెన్‌పహాడ్ గుట్ట ఎండకీ వానకీ పొడైపోయి మట్టయింది. ఆ మట్టిలో వరి వేశారు. వరి నీళ్ళతో పాటు రాతిని కూడా కరిగిన రూపంలో తాగింది. తాగి పొట్టుకు పట్టించుకుంది, పురుగు కొరక్కుండా. ఆ పొట్టును మీరు తెచ్చి ఇక్కడ కాల్చారు. మళ్ళీ కరిగింది, మళ్ళీ చల్లారింది, మళ్ళీ రాయైంది! భూమి లోపల జరిగినదే మీ పొయ్యిలో జరుగుతోంది. నేను చెప్పింది తప్పు, పూర్తిగా తప్పు. కానీ దీని ముందు నా అగ్నిపర్వతం ఎంత!"

అరుస్తున్నానని నాకు తెలుసు. పనాయన కొక్కెం పక్కన పెట్టి వింటున్నాడు. ఆమె వచ్చి నా పక్కన గొంతుకూర్చుంది.

"అంటే మా పొయ్యిల రాయి పుడ్తున్నదా?"

"పుడుతోంది. ఇదిగో, ఇప్పుడే పుట్టింది."

"మొన్న కోట్ల ఏండ్లు గ్యారంటి అంటిరి?"

"అదీ అబద్ధం కాదు. లోపలి సరుకు అంత పాతదే."

ఆమె అప్పుడు నవ్వింది. వారమంతా ఆపుకున్న నవ్వు కలిసి ఒక్కసారి వచ్చినట్టుంది. ఊక పొట్టు రాలిపడేలా నవ్వింది. కళ్ళు తుడుచుకుని చెప్పింది:

"మొన్ననే చెప్పేదాన్ని. చెప్పబుద్ధి గాలె. ఇంతకుముందు నన్ను సూడనీకి ఒకాయన వచ్చిండు. తొవ్వ తప్పినట్టున్నరని నవ్వుకుంట అన్న. గంతే, పొద్దుగూకేదాక మొఖం మాడ్చుకుని కూసుండు. తప్పయితే మొఖం మాడ్చేటోనితోటి బతుకంత యెట్ల ఎల్లదీయాలె? మీకు తప్పని తెలిసినంక మీరెట్లుంటరో సూద్దామనుకున్న."

"మరి?" అన్నాను. ఏదీ దాచకుండా నేను చెప్పుకోగలిగే మనిషి నా పక్కనే, జానెడు దూరంలో ఉంది. జవాబు ఏదో ఒకటి వచ్చేస్తే బాగుండు అనిపించింది, వినడానికి మాత్రం ధైర్యం లేదు. చూపు ఎటు తిప్పాలో తెలియక ఆ నల్లముద్ద మీదికి వంగాను. బూడిద పట్టి రంగు సరిగ్గా కనబడటం లేదు. అలవాటు ఊరుకోదు కదా.

"ఆగుండ్రి! ఇంకా సల్లారలె! మూతి కాల్తది!" అని ఆమె నా భుజం పట్టి వెనక్కి గుంజింది. "కాలిన మూతితోటి పెండ్లి ఫోటోలల్ల ఏం మంచిగుంటరు?"

వాళ్ళ నాన్న దగ్గు ఆగిపోయింది.

"ఎవరి పెళ్ళి ఫోటోలు?" అని అడిగాను. నిజంగానే అడిగాను, అంత తెలివితక్కువవాణ్ణి.

"మనయే" అంది.

అమ్మకు అక్కడినుంచే ఫోను చేశాను. "ఏం తీసుకెళ్ళావురా?" అన్నది ఆవిడ మొదటి ప్రశ్న. "బండ" అన్నాను. పక్కనున్న ఆమె నా చేతిలోంచి ఫోను తీసుకుని, "అత్తమ్మా, బండ మంచిగుంది" అంది. అమ్మ ఏడ్చిందో నవ్విందో ఇద్దరికీ తెలియలేదు.

పెళ్ళి ఫోటోల్లో నా మూతి బాగానే వచ్చింది, ఒక్క ఫోటోలో తప్ప. అది సన్నికల్లు తొక్కించే ఘట్టం. పెళ్ళికూతురి పాదం పట్టుకుని రాతి మీద పెట్టించి, ఈ రాయిలా స్థిరంగా ఉండమని పంతులుగారు చెప్పే వేళ. నేను వంగి ఉన్నాను. ఆమె పాదం నా చేతిలో లేదు. సన్నికల్లు గ్రానైటు, దాని అంచున గులాబీ చార ఒకటి ఉంది, నా ముఖం దానికి బాగా దగ్గరగా ఉంది, నాలుక కొస కొంచెం బయటికి వచ్చి ఉంది. పంతులుగారి నోరు తెరుచుకుని ఉంది. ఆమె తలంబ్రాల బియ్యం రాలేలా నవ్వుతూ, పసుపు రాసిన కాలి బొటనవేలితో నా చేతిని పొడుస్తోంది. ఆ ఫోటోనే పెద్దది చేయించి ఇంట్లో పెట్టుకున్నాం, కిటికీ రాయి పక్కన.